కుందేలు పిల్లల కళ్ళు

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. మా వీధిలో ఎవరింట్లోనైనా కుందేలు పిల్లల్ని పెట్టిందని తెలిస్తే, చేతిలో పని వదిలేసి వెళ్ళి "పదో రోజు నుంచి కళ్ళు చూస్తా ఉండండి" అని చెప్పి వస్తున్నాను. కొందరు వింటారు, కొందరు నేను గుమ్మం దాటగానే నవ్వుకుంటారు. ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తే మనసు కాస్త కుదుటపడుతుందేమోనని, చదివినవాళ్ళలో ఒక్కరికైనా పనికొస్తుందేమోనని మొదలుపెట్టాను. జరిగి రెండేళ్ళు దాటింది. గండం గడిచిందిగా అంటారు చుట్టాలు. గడవడమంటే, ఇంక పోవడానికి ఏమీ మిగలకపోవడం అని నాకు అర్థమైంది.

మాది చిలకలూరిపేట. మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఇంట్లో ఆయన, నేను, మా అత్తయ్య సీతారావమ్మ, ముగ్గురమే. మాకు పిల్లల్లేరు. దాని గురించి ఇక్కడ రాయను.

2003, జనవరి నెలాఖరు

అత్తయ్యకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడి కంటికి గుంటూరులో ఆపరేషన్ చేయించాం. నల్ల కళ్ళజోడు పెట్టి, నెలన్నర పాటు వేసుకోమని చుక్కల మందిచ్చి పంపారు. వంగకూడదు, పొయ్యి దగ్గర కూర్చోకూడదు, మిరపకాయల జోలికి అసలు పోకూడదు. ఆవిడ ఊహ తెలిసినప్పటి నుంచి పొలం పని చేసిన మనిషి. మామయ్య పోయి మేము పేటకి వచ్చాక కూడా మిరప కల్లాల్లో తొడిమలు తీయడం మానలేదు. అలాంటి మనిషిని మంచం మీద కూర్చోబెట్టేసరికి నాలుగు రోజులకే మాటలు తగ్గిపోయాయి.

అప్పుడు మా ఆయన ఒక తెల్ల కుందేలును గంపలో పెట్టుకుని తెచ్చాడు. మిల్లు క్వార్టర్లు ఖాళీ చేసి పోతున్నవాళ్ళు ఇచ్చారట.

"నీకు తోడుగా ఉంటదిలే అమ్మా," అన్నాడు.

అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు కొంచెం పైకెత్తి, చాలాసేపు చూసింది. "దీని మీసాలు ఒక్కోటీ కనపడతన్నయ్యే అమ్మాయ్. చెవుల్లో నరాలు కూడా ఎర్రగా కనపడతన్నయ్," అంది. ఐదారేళ్ళుగా ఆవిడకి మా మొహాలే మసక. ఆ రోజే నన్ను కూడా తేరిపార చూసి, "నువ్వింత చామనఛాయా? నేనింకా తెలుపనుకున్నానే," అని నవ్వింది. మా ఇంట్లో అంత నవ్వు విని చాలా కాలమైంది.

ఆ కుందేలు అప్పటికే కడుపుతో ఉందని మాకు తెలీదు. పది రోజులు తిరక్కుండానే, ఒక పొద్దున చూస్తే తన పొట్ట మీది బొచ్చు తనే పీక్కుని, మూలన గూడు చేసుకుని ఐదు పిల్లల్ని పెట్టింది. ఒంటి మీద వెంట్రుక లేదు. ఎర్రగా, వేలంతేసి ఉన్నాయి. కళ్ళున్నచోట చర్మం కింద నల్లటి మచ్చలు మాత్రం కనిపిస్తున్నాయి. మా ఆయన సంబరపడి మిల్లు నుంచి సంచి నిండా దూది తెచ్చి చెక్కపెట్టెలో పరిచాడు. మంచి దూది కాదు, నేల ఊడ్చినప్పుడు పోగయ్యే తుక్కు దూది. దులిపితే గదంతా దుమ్ము లేచింది. మెత్తగా ఉంటుంది పాపం అనుకున్నాం ముగ్గురం.

ఫిబ్రవరి

పదకొండో రోజు రెండు పిల్లలు కళ్ళు తెరిచాయి. మిగతా మూడూ తెరవలేదు.

"మనుషుల పిల్లలు మాత్రం అందరూ ఒకేనాడు నడుస్తారా? రేపు తెరుచుకుంటయ్‌లే," అంది అత్తయ్య. నేనూ అదే అనుకున్నాను. పన్నెండో రోజు, పదమూడో రోజు, పధ్నాలుగో రోజు. నేను చూడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. చూశాను. రెప్పల కింద ఉబ్బుగా ఉంది, అంచుల్లో పసుపుపచ్చగా పుసి ఎండి అట్టకట్టింది. వీధి చివర కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజులు. ఆ ఘాటుకి మాకే కళ్ళు మండుతున్నాయి కదా, వీటికీ అంతేలే అని సరిపెట్టుకున్నాను. ఈ రెండేళ్ళలో నేను ఎక్కువగా తలుచుకున్నది ఆ మూడు రోజులనే.

పదిహేనో రోజు పక్కింటి ఖాసింబీ తన మూడు నెలల పాపని చంకనేసుకుని చూడటానికి వచ్చింది. పెట్టెలోకి వంగి చూసి, "పద్మక్కా, ఇది పుసి కాదు, చీము," అంది. చిన్నప్పుడు తమ్ముడి కళ్ళకి ఇలాగే అయితే వాళ్ళమ్మ చనుబాలు పిండిందని చెప్పి, ఇంటికెళ్ళి స్పూనులో తన పాలు పట్టుకొచ్చింది. అత్తయ్య నందివర్ధనం పూలు తడిపి మూసిన రెప్పల మీద పెట్టింది. ఏమీ కాలేదు. చివరికి నేనే వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి, చల్లారాక మెత్తటి గుడ్డ ముంచి, ఒక్కో కన్నూ నానబెట్టి నానబెట్టి తుడిచాను. అట్టలు ఊడి రెప్పలు విడిపోయాయి. లోపల్నుంచి చీము కారింది. అది తుడిచేస్తే కింద కన్ను కనిపించింది. చింతనిప్పులా ఎర్రగా ఉంది కానీ నల్లగుడ్డు తేటగానే ఉంది. ఆరు కళ్ళూ అంతే.

అప్పుడే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ ఆరు కళ్ళూ నిలిచేవని తర్వాత చెప్పారు. కనీసం అలా ఉప్పునీళ్ళతో రోజూ కడుగుతూ ఊరుకున్నా కొన్నయినా నిలిచేవట.

అత్తయ్య మంచం మీద నుంచే అంది, "నా చుక్కలు వెయ్యి అమ్మాయ్. ఆపరేషనైన కంటికే ఇంత చలవ చేసిన మందు, వీటికి పనిచెయ్యదా?"

"మనుషుల మందు కదా అత్తయ్యా," అన్నాను నేను.

"కన్ను కన్నే గదే."

నాకు కాదనాలని అనిపించలేదు. ఆవిడ తనకిచ్చిన మందును వాటికిస్తానంటుంటే నాకు ముచ్చటేసింది. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, సాయంత్రమొకసారి పిల్లని నేను పట్టుకుంటే ఆవిడ చుక్క వేసేది. ముందు వాటికి వేసి, తర్వాత తన కంట్లో వేసుకునేది. రెండో రోజుకే ఎరుపు తగ్గిపోయింది. మా ఆయన మిల్లు నుంచి వచ్చి చూసి, "మా అమ్మ డాక్టరైపోయింది," అన్నాడు. ఆ సాయంత్రం పాయసం చేశాను.

నాలుగో రోజు ఒకదాని కంట్లో ఆవగింజంత తెల్ల చుక్క కనిపించింది. ఐదో రోజుకి ఆ మచ్చ కన్నంతా కమ్ముకుంది. మిగతా రెండింటి కళ్ళూ నీలంగా, పాలు కలిపిన నీళ్ళలా అయ్యాయి. మొదటిది తల్లి దగ్గర పాలు తాగడం మానేసి, తల గోడకి ఆనించి కూర్చుంది.

ఫిబ్రవరి నెలాఖరు, రెండు ఆసుపత్రులు

పేటలో పశువుల ఆసుపత్రికి గంపతో వెళ్ళాం. వద్దన్నా వినకుండా అత్తయ్య కూడా నల్ల కళ్ళజోడుతో బయల్దేరింది. వరండా అంతా గేదెలు. ఒక రైతు గంపలోకి తొంగి చూసి, "కుందేలుకి వైద్యమా? కూరొండుకోక," అన్నాడు. అత్తయ్య కొంగుతో గంప కప్పింది. కాసేపటికి ఆయనే లేచి, "ఎండలో నిలబడితే నీ కంటికి మంచిది కాదమ్మా, ఇట్టా నీడలో కూర్చో," అని తన చోటు ఇచ్చాడు. గేదెని పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరు గారు ఉన్నమాట చెప్పారు. "నేను గొడ్లకి చేస్తానమ్మా. కుందేళ్ళ సంగతి నాకంతగా తెలీదు. ఏదో ఒకటి రాసిచ్చి పంపడం నాకిష్టం లేదు. గుంటూరులో కుక్కలకీ కుందేళ్ళకీ చూసే లేడీ డాక్టరు గారున్నారు, ఇవ్వాళే వెళ్ళండి."

బస్సులో గంపని అత్తయ్య ఒళ్ళోనే పెట్టుకుంది. గుంటూరు దాకా ముందు మిరప టిక్కీల బస్తాలు వేసుకున్న లారీలు, వెనక మిరప టిక్కీల లారీలు. బస్సంతా తుమ్ములు. ఆవిడ మాత్రం రెండు చేతులూ గంప మీదే ఉంచింది.

ఆ లేడీ డాక్టరుకి ముప్పై ఏళ్ళుంటాయేమో. పిల్లల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని లైటు వేసి చూసింది. ఎన్నో రోజున కళ్ళు విడదీశారు, గూట్లో ఏం పరిచారు, ఏం మందు వేశారు అని అడిగింది. అన్నీ చెప్పాను. మిల్లు దూది దుమ్ము కళ్ళకి మంచిది కాదంది. పన్నెండు రోజులు దాటి మూసుకుని ఉంటే లోపల చీము పట్టిందనే అనుకోవాలంది. "ఏ చుక్కలు?" అంది. అత్తయ్య రొంటిన దోపుకున్న సీసా తీసి ఇచ్చింది. డాక్టరు దాని మీది అక్షరాలు చదివి, సీసా బల్ల మీద పెట్టింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉందండి. ఆపరేషనైన కంటికి వాపు తగ్గడానికి ఇస్తారు. పుండు పడిన కంట్లో వేస్తే పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల పుండు తినేస్తుంది."

"అంటే, నేనే..." అంది అత్తయ్య.

"తెలీక చేశారమ్మా."

"చూపు వచ్చిద్దా?"

డాక్టరు తల అడ్డంగా ఊపింది. తర్వాత ఉన్నట్టుండి, "ఈ సీసా మీరు కూడా వాడుతున్నారా?" అని అడిగింది. ముందు వాటికి వేసి తర్వాత తను వేసుకుంటున్నానని అత్తయ్య చెప్పింది. డాక్టరు కుర్చీలోంచి లేచింది. "ఇక వెయ్యకండి. సీసా మూతి వాటి చీముకి తగిలే ఉంటుంది. ఇటునించి ఇటే మీ కంటి ఆసుపత్రికి వెళ్ళండి, ఈ సీసా కూడా చూపించండి."

మేము వెళ్ళలేదు.

ఇది రాయడానికే నేను ఇంతసేపు ఆగాను. కుందేళ్ళకి కొత్త మందు గంట గంటకీ వెయ్యాలన్నారు. మొదటిది అప్పటికే వాలిపోతోంది. పేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. "నా కన్ను నిక్షేపంలా ఉంది, రేపు పోదాం పద," అంది అత్తయ్య. నేను ఆవిడ కంటిలోకి చూశాను. ఎరుపు లేదు. ఎరుపు లేకపోతే ఏమీ లేనట్టు కాదని అప్పుడే, ఆ గదిలోనే చెప్పించుకుని వచ్చాను. అయినా బస్సెక్కాను.

మార్చి

మర్నాడు మొదటి పిల్ల చనిపోయింది. అత్తయ్య పెరట్లో కూర్చుని దాన్ని పాత చీర ముక్కలో చుట్టింది. గుంటూరు ప్రయాణం మాట ఎత్తితే, "దీన్ని పూడ్చిపెట్టి ఈ మిగతావాటిని చూడనియ్యి. నాకేం కాలేదన్నాగా," అని కసిరింది. నల్ల కళ్ళజోడు తీయడం లేదు. వెలుతురు పడటం లేదంది. డాక్టర్లు పెట్టుకోమన్నారు కదా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున టీ గ్లాసు అందిస్తే, ఆవిడ చెయ్యి గ్లాసుకి జానెడు దూరంలో గాలిని పట్టుకుంది. కళ్ళజోడు లాగేశాను. కన్ను మంకెనపువ్వులా ఎర్రగా, కింది రెప్ప దగ్గర తెల్లగా చీము గీత కట్టి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అరిచాను.

"మొన్నటి నుంచి. పోటు ఎక్కువగానే ఉంది."

"చెప్పొద్దా?"

"చెప్తే నీకు వాటి మీద కోపం వచ్చిద్ది. బయట పారేస్తావని..."

అప్పుడు నేనన్న మాటలు రాయను. పెద్దావిడని, జబ్బుమనిషిని అనకూడని మాటలన్నీ అన్నాను. ఆవిడ తల వంచుకుని వింది.

కంటి ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. కంట్లోకే సూది ఇచ్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడ నా మణికట్టు పట్టుకునేది. గోళ్ళ గాట్లు వారం దాకా ఉన్నాయి. బయట పొడుగాటి హాల్లో బల్లల మీద కళ్ళకి కట్లు కట్టుకున్నవాళ్ళు వరసగా కూర్చునేవాళ్ళు. ఒకరి కట్టు విప్పగానే అందరూ చెవులు రిక్కించేవాళ్ళు, "కనపడతందా?" అని లోపల్నుంచి డాక్టరు అడిగేది వినడానికి. "ఆఁ, వేళ్ళు కనపడతన్నయ్యి" అని ఎవరైనా అంటే ఆ హాలంతా ఊపిరి వదిలేది. అత్తయ్య వంతు వచ్చిన ప్రతిసారీ నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. "వెలుగు కనపడతందయ్యా," అనేది. అంతకు మించి ఎన్నడూ అనలేదు.

మా ఆయన అక్క, మా వదిన పొన్నూరు నుంచి వచ్చింది. వరండాలో అందరి ముందూ, "మా అమ్మ కన్ను తీసి కుందేళ్ళకి పోశారా?" అంది నాతో. మా ఆయన పక్కనే ఉన్నాడు. తుక్కు దూది తెచ్చింది తనే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళనిది నేను, చుక్కలు వేసింది ఆవిడ. ఆ లెక్క ఆయనకీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. లోపల్నుంచి అత్తయ్యే కేకేసింది. "ఏమే, దాన్నెందుకంటావు? సీసా నాది, చెయ్యి నాది. అడగాల్సింది నన్నడుగు."

కుందేలు పిల్లల్లో ఉన్న క్రిమే కంట్లోకి వచ్చిందా అని అడిగితే డాక్టర్లు, అయి ఉండొచ్చు, కాకనూ పోవచ్చు అన్నారు. ఆ జవాబు కూడా నాకేమీ ఊరట కాలేదు.

ఆ పదకొండు రోజులూ ఇంటి దగ్గర పిల్లలకి మందు వేసింది ఖాసింబీ. చంకలో పాపతో రోజుకి ఏడెనిమిదిసార్లు మా ఇంటికి వచ్చేదట. దుమ్ము దూదంతా తీసేసి, ఎండుగడ్డి కడిగి ఆరబెట్టి పరిచింది. మేము తిరిగొచ్చేసరికి రెండో పిల్ల కూడా పోయింది. "నేను బాగానే వేశాను పద్మక్కా, ఒక్కపూట కూడా తప్పలేదు," అని నా ఎదుట ఏడ్చింది. నేనే ఆమెను ఓదార్చాను.

మూడోది బతికింది. రెండు కళ్ళూ సున్నపు ముద్దల్లా తెల్లగా ఉన్నాయి. నొప్పి మాత్రం లేదని లేడీ డాక్టరు చెప్పింది. దాన్ని గుడ్డిది అని పిలవబోతే అత్తయ్య ఒప్పుకోలేదు. చిట్టి అని పెట్టింది.

ఆ తర్వాత

అత్తయ్య కుడి కంటికి ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఎడమ కంట్లో శుక్లం ముదిరిపోయింది. ఆపరేషన్ చేస్తే చూపు వచ్చే అవకాశం ఉందంటారు. రెండేళ్ళుగా బతిమాలుతున్నాను. "ఆ చుక్కలు మళ్ళీ ఇంట్లోకి రానియ్యను," అంటుంది. మా ఆయన ఒకటి రెండుసార్లు గట్టిగా చెప్పి చూశాడు, తర్వాత మానేశాడు. మేమిద్దరం కూడా అవసరమైనంత మేరకే మాట్లాడుకుంటాం.

చదివేవాళ్ళకి చెప్పాలనుకున్నది ఇంతే. పది పన్నెండు రోజులకి కళ్ళు తెరవకపోతే రేపటిదాకా ఆగకండి. గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి తుడవండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. మీ ఇంట్లో మనిషికిచ్చిన మందు వాటికి వెయ్యకండి. వాటికి వేసిన సీసా మనిషి ముట్టుకోకూడదు. ఎరుపు తగ్గిందని పాయసం వండుకోకండి.

కళ్ళు బాగున్న రెండు పిల్లల్లో ఒకదాన్ని ఖాసింబీ తీసుకుంది. తల్లి కుందేలు కిందటి ఎండాకాలంలో చనిపోయింది. చిట్టీ, దాని తోబుట్టువూ మా దగ్గరే పెరిగాయి. రోజూ అన్నాలయ్యాక అత్తయ్య ఒళ్ళో చిట్టిని పెట్టడం నా పని. దాని వీపు నిమురుతూ ఆవిడ కాసేపు కూర్చునేది. రోజు మొత్తంలో ఆవిడ మొహం తేటగా ఉండేది అప్పుడే.

మొన్న మంగళవారం పొద్దున చిట్టి గూట్లో చచ్చిపోయి ఉంది. జబ్బేమీ లేదు. ముందురోజు క్యారెట్ ముక్క తింది. నేను చప్పుడు చేయకుండా పెరట్లో పూడ్చిపెట్టాను. అన్నాలయ్యాక రెండోదాన్ని తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను. రెండూ ఒకే సైజు, ఒకే బొచ్చు. తెలీదనుకున్నాను.

ఆవిడ చెయ్యి చాపింది. వేళ్ళు ఇంకా తగలకముందే కుందేలు పక్కకి జరిగింది. మళ్ళీ చాపింది, మళ్ళీ జరిగింది. అత్తయ్య చెయ్యి గాలిలోనే ఆపేసింది.

"ఇది చిట్టి కాదు. చెయ్యి రావడం దీనికి కనపడతంది," అంది.

నేను కుందేలు ఇంక జరక్కుండా రెండు చేతులా పట్టుకున్నాను.

"ఎప్పుడు పోయింది?"

"ఇవ్వాళ పొద్దున అత్తయ్యా."

"బాధ పడిందా?"

"లేదు. నిద్రలోనే."

తల ఊపింది. ఒళ్ళోని కుందేలు కాళ్ళు ఆనించి దూకడానికి చూస్తోంది. నేను దాన్ని గట్టిగా పట్టుకునే ఉన్నాను.

"వదిలెయ్యవే. కళ్ళున్నది, దాన్నెందుకు నా దగ్గర కూర్చోబెడతావు? ఆడుకోనియ్యి," అంది.

వదిలేశాను. అది దూకి వరండా అంతా ఆ చివర్నించి ఈ చివరికి పరిగెత్తింది. ఆవిడ ఒళ్ళో రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, ఆ అడుగుల చప్పుడు ఎటు పోతే అటు మొహం తిప్పుతూ కూర్చుంది.